బోణీ జాయింటు

కంప్యూటర్ చెప్పింది కాబట్టి నిజమే అయి ఉంటుందని నమ్మే కుర్రకారు కోసం ఇది రాస్తున్నాను. మిగతావారు చదివితే నాకేమీ అభ్యంతరం లేదు. కాకపోతే వాళ్లకు దీని అవసరం లేదు.

ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను చేసిన పని ఒక్కటే, ఉక్కు లోపలికి చూడడం. గొట్టానికీ గొట్టానికీ మధ్య వెల్డింగు చేసిన అతుకును ఎక్స్‌రే తీసి, లోపల పగులు గానీ బుడగ గానీ ఉందో లేదో చెప్పాలి. ఆ అతుకును మేం జాయింటు అంటాం. ఆసుపత్రిలో ఎముకలకు చేసే పనే ఇదీను. మా రోగి మూలగడు, అంతే తేడా. ఊళ్లన్నీ తిరిగి తిరిగి, చివరి పోస్టింగు మా టెక్కలికి దగ్గర్లోనే, కోటబొమ్మాళి దాటాక హైవే పక్కనున్న ఒక పైపుల యార్డులో దొరికింది. మూలపేట వైపు పోర్టు పనులు మొదలయ్యాక ఇలాంటి షెడ్లు చుట్టుపక్కల చాలానే లేచాయి. ఇంటి అన్నం తిని ఉద్యోగానికి వెళ్లడం నాకదే మొదలు. అందుకని ఆ యార్డు మీద కొంత ప్రేమ కూడా ఉండేది. డాక్టరు గారు వచ్చేదాకా అది నిలిచింది.

డాక్టరు గారంటే సూదిమందు వేసే డాక్టరు కాదు. హైదరాబాద్ నుంచి వచ్చిన పరిశోధకుడు. ఎక్స్‌రే డిటెక్టర్ల పనితీరుకు మోడల్ కట్టడం ఆయన విద్య. అదేమిటో చెప్తాను. వెనకటికి మేం ఫిల్ము మీద ఎక్స్‌రే తీసేవాళ్లం. ఇప్పుడు ఫిల్ముకు బదులు డిటెక్టర్ వచ్చింది. పెద్ద పుస్తకమంత ఉంటుంది. గొట్టం వెనక పెట్టి తీస్తే బొమ్మ నేరుగా కంప్యూటర్‌లో పడుతుంది. ఇంత మందం ఉక్కులో, ఇంత దూరం నుంచి, ఇంత శక్తితో తీస్తే ఆ డిటెక్టర్ ఎంత సన్నని పగులును పట్టగలదో తియ్యకముందే లెక్కగట్టి చెప్పేదే మోడల్. మంచి విద్యే, కాదనను. ఈత నేర్పే పుస్తకం కూడా మంచిదే.

ఆయన రాగానే మా డార్క్‌రూము ఆయన గది అయింది. ఫిల్ము కడిగే తొట్లు బయట పారేసి లోపల ఏసీ బిగించారు. ఎక్స్‌రే గదిలోనూ ఒక ఏసీ ఉండేది గానీ, వోల్టేజి పడిపోయినప్పుడల్లా అది ఏసీ అవతారం చాలించి ఫ్యాను అవతారం ఎత్తేది. డిటెక్టర్ ఆ వేడిలోనే ఉడికేది. మోడల్‌లో మాత్రం ఆ గది ఏడాది పొడుగునా చల్లగా ఉండేది.

మా మేనేజరు గారికి మోడల్ అంటే భక్తి. తనకు అర్థం కానివన్నీ ఆయనకు దేవుళ్లే. అర్థమయ్యేవాళ్లం మేం కాబట్టి మమ్మల్ని తిట్టేవారు. బొమ్మ చూసి తీర్పు చెప్పే పని నా చేతుల్లోంచి తీసి సాఫ్ట్‌వేర్‌కు ఇచ్చారు. డాక్టరు గారి గదిలోంచి "పాస్" అనో "రిజెక్ట్" అనో ఒక ముక్క బయటికి వచ్చేది. బొమ్మ వచ్చేది కాదు. అదేమిటండీ అని అడిగితే, "మీ కళ్ల కంటే దానికి చూపు ఎక్కువ సార్. మీరు రెస్ట్ తీసుకోండి," అన్నారు డాక్టరు గారు. అంత మర్యాదగా నన్ను ఎవరూ పనికిమాలినవాణ్ని చెయ్యలేదు.

ఇక అసలు మనిషి సంగతి. మా యార్డులో ఒక వెల్డర్ ఉండేవాడు. ఉద్దానం తీరంలో తరతరాలుగా వేటకు పోయే కుటుంబం. అన్న తెప్ప ఎక్కితే ఇతను వెల్డింగు రాడ్డు పట్టుకుని గల్ఫు వెళ్లాడు. అక్కడ బాగానే ఉన్నాడు. ఇంతలో అన్నకు కిడ్నీలు చెడ్డాయి. ఉద్దానంలో ఆ కబురు చెబితే ఎందువల్ల అని ఎవరూ అడగరు, ఎప్పట్నుంచి అని మాత్రమే అడుగుతారు. వారానికి రెండుసార్లు పలాస తీసుకెళ్లి డయాలసిస్ చేయించాలి. వదిన ఒక్కత్తీ ఆ మనిషిని మోటారు సైకిలు మీద మోసుకెళ్లలేదు కదా. అందుకని ఇతను గల్ఫు వదులుకుని, అక్కడి జీతంలో సగానికి కూడా రాని మా యార్డులో చేరాడు. ఇక్కడ పని పోతే మళ్లీ విమానం ఎక్కడం తప్ప దారి లేదు. విమానం ఎక్కితే అన్న గతేమిటో అందరికీ తెలుసు.

నన్ను మావా అని పిలిచేవాడు. మాకు చుట్టరికం లేదు. మా వైపు మావా అనడానికి చుట్టరికం అక్కర్లేదు.

వెల్డర్లకు ఒక్కొక్కరికి ఒక నంబరు ఉంటుంది. జాయింటు పూర్తవగానే పక్కన ఉక్కు మీద ఆ నంబరు పంచ్‌తో కొట్టాలి. జీవితాంతం ఎవరి తప్పు వాళ్ల మీదే ఉండడానికి చేసిన ఏర్పాటది. యార్డు ఒకసారి ఆ నంబరును జాబితాలోంచి కొట్టేసిందంటే, ఆ వార్త మరో యార్డు గేటుకు మనిషి కంటే ముందే చేరుతుంది.

ఎక్స్‌రే గదిలో నాతో ఉండే ఆపరేటర్ ఇచ్ఛాపురం మనిషి. ఇంట్లో ఒడియా, బయట తెలుగు, కోపం వస్తే రెండూ. పొద్దున్న మొదట తీసే జాయింటు పాస్ కాకపోతే ఆ రోజంతా చెడిపోతుందని అతని పట్టింపు. అంగట్లో బోణీ ఎంత ముఖ్యమో ఎక్స్‌రే గదిలో కూడా అంతేనట. అందుకని ముందురోజు సాయంత్రం మన వెల్డర్ వేసిన జాయింటు ఒకటి విడిగా పెట్టించి, మర్నాడు దానితోనే మొదలుపెట్టేవాడు.

"ఆడి సెయ్యి మంచిది బావా. ఆడి జాయింటు బోణీ సేత్తే సాయంత్రం దాకా సాఫీగా ఎల్లిపోద్ది," అనేవాడు.

యార్డులో అందరూ దాన్ని బోణీ జాయింటు అనే పిలిచేవారు. నేను నవ్వేవాణ్ని. అయినా మోడల్‌కు మొక్కేవాళ్ల మధ్య ఇదొక్కటీ ఎబ్బెట్టుగా ఏమీ అనిపించలేదు.

డాక్టరు గారికి తన లెక్క సరైందో కాదో రోజూ సరిచూసుకోవడానికి ఒక పగులు కావాల్సి వచ్చింది. ముందే తెలిసిన పగులు, కొలతకు సరిపోయే పగులు. చెడ్డ జాయింటు పొరపాటున వేసేవాళ్లు లోకంలో కొల్లలు గానీ, కోరినచోట కోరినంత పగులు పెట్టాలంటే చెయ్యి తిరిగినవాడే కావాలి. మేనేజరు గారు మన వెల్డర్‌ను పిలిపించారు.

"తెలిసి తెలిసి సెడ్డ పని నానెలగ సేత్తానండీ? ఇంకెవులి సేతైనా సేయించండి," అన్నాడతను.

"ఇది ఆర్డర్. చెయ్యమన్నది చెయ్యి," అన్నారు మేనేజరు.

చేశాడు. మందపాటి ప్లేటు మీద తడిసిన రాడ్లతో జాయింటు వేసి, ఎర్రగా ఉండగానే నీళ్లు కొట్టాడు. టక్కుమంది. నేను పక్కనే ఉన్నాను. పగులు తిన్నగా కొంతదూరం పోయి, చివర రెండుగా చీలి లోపలికి వంగింది, అచ్చం పీతకాలులా. డాక్టరు గారు పెళ్లికూతుర్ని చూసినట్టు చూశారు దాన్ని. నంబరు కొట్టమంటే మాత్రం వెల్డర్ ఒప్పుకోలేదు.

"కొట్టను. ఇది నాది కాదు," అని వెళ్లి కుళాయి దగ్గర చేతులు కడుక్కున్నాడు.

అప్పట్నుంచి రోజూ పొద్దున్నే డాక్టరు గారు ఆ ప్లేటును డిటెక్టర్ ముందు పెట్టి, బాగా ఎక్కువ మోతాదులో, పదే పదే తీసి సగటు కట్టేవారు. అలా తీశాక డిటెక్టర్‌కు కాసేపు విశ్రాంతి ఇవ్వాలని దాన్ని తయారుచేసినవాళ్లే రాసిచ్చారు. మొదట్లో ఇచ్చాం కూడా. కొన్నాళ్లకు మేనేజరు గారు గడియారం చూసుకోవడం మొదలుపెట్టారు.

"మెషీన్‌కి రెస్ట్ ఏంటయ్యా? అదేమన్నా రాత్రంతా జాగారం చేసిందా?" అన్నారు. డాక్టరు గారిని అడిగితే, మోడల్ ప్రకారం అవసరం లేదన్నారు.

నిజమే. మోడల్ ప్రకారం అవసరం లేదు. ఆ మోడల్‌లో ప్రతి బొమ్మా అప్పుడే పుట్టిన డిటెక్టర్ మీద పడుతుంది. దానికి నిన్న అనేది లేదు, ఇందాక అనేది లేదు. అంత మతిమరుపు ఉన్న వస్తువును నేనింతవరకూ చూడలేదు.

విశ్రాంతి ఎత్తేసిన వారంలోనే బోణీ జాయింటు రిజెక్ట్ అయింది. పగులు ఉందట. మా ఇచ్ఛాపురం బావ ముఖం మాడిపోయింది. మర్నాడు మళ్లీ రిజెక్ట్. ఆ తర్వాత చాలా రోజులు అదే వరస. తక్కిన వెల్డర్లవి ఒకటీ అరా తప్ప అన్నీ పాసే. ఒక్క మన వెల్డర్‌వే, అదీ రోజుకొకటి చొప్పున పగిలేవి.

రిజెక్టయిన జాయింటును గ్రైండర్‌తో చెక్కి చూస్తే పగులేమీ కనిపించలేదు. చివరిదాకా చెక్కినా లేదు. ఆ మాట మేనేజరు గారికి చెబితే, "చెక్కడంలోనే పోయుంటుంది," అన్నారు. దొంగ దొరకలేదు కాబట్టి దొంగతనం జరిగినట్టే అనే న్యాయం. శుభ్రంగా ఉన్న జాయింట్లను కోసి, అతనితోనే మళ్లీ వేయించారు. వేసినవి మధ్యాహ్నం తీస్తే పాసయ్యేవి. "చూశావా, భయం పెడితే బాగానే వేస్తాడు," అన్నారు.

ఇంకో సాక్ష్యం కూడా దొరికింది వాళ్లకు. అన్నను పలాస తీసుకెళ్లిన రోజు అతను యార్డుకు రాడు. కాబట్టి మర్నాడు పొద్దున్న బోణీకి అతని జాయింటు ఉండదు. ఆ రోజుల్లో ఒక్క పగులూ పడేది కాదు. ఇంకేం కావాలి? అతని జాయింటు ఉంటే పగులు, లేకపోతే లేదు. మేనేజరు గారు దాన్ని గ్రాఫు గీసి గోడకు అంటించారు. పాతకాలంలాగా ఒక్కసారి ఫిల్ము మీద తీసి చూద్దామన్నాను.

"ఫిల్మా! మీ డార్క్‌రూములో నేను కూర్చున్నాను కదా సార్," అని నవ్వారు డాక్టరు గారు. ఆదివారం ఆదివారం పలాస జీడిపప్పు డబ్బాలు కట్టించుకుని హైదరాబాద్ రైలెక్కే ఆ మనిషికి, ఇక్కడ ఎవరి నోటి దగ్గర కూడు పోతోందో పట్టలేదు.

వెల్డర్ ఒకరోజు భోజనాల వేళ నా పక్కకు వచ్చి కూచున్నాడు. క్యారేజీ విప్పలేదు. కుడిచెయ్యి చాపి అటూ ఇటూ తిప్పి చూసుకుంటున్నాడు.

"మావా, నిజం సెప్పు. నా సెయ్యి పోనాదేటి?"

"నీ చేతికేం కాలేదు."

"మరెలగ? నానేసినప్పుడు బాగానే ఉంతాది. తెల్లారేసరికి పగిలిపోతాది. గల్ఫులో ఒక్కటీ తప్పుపట్టలేదు నన్ను." క్యారేజీ పక్కకు నెట్టాడు. "ఏజెంటు ఫోను సేసినాడు. ఇక్కడ నంబరు తీసీకముందే వొచ్చీమంతన్నాడు. అన్నకి ఇంకా సెప్పలేదు. సెప్తే డయాలసిస్సు మానీసి, నీకెందుకురా నా బాద, ఎల్లిపో అంతాడు. ఆడి సంగతి నాకెరికే."

నా కోపమంతా మింగి కూర్చున్నాను. ఇంత చదువు, ఇన్ని లక్షల పరికరం, అందరూ కలిసి చేసింది ఒక మంచి పనివాడు తన చేతిని తానే అనుమానించేలా చెయ్యడం.

చివరికి పైపులు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఖాయమైంది. ఆయన వచ్చేలోగా ఆ నంబరును జాబితాలోంచి కొట్టేసి, "తప్పుచేసినవాణ్ని తీసేశాం" అని చూపించాలని మేనేజరు గారి తొందర. పొద్దున్నే వెల్డర్ పాసు గేటు దగ్గరే లాక్కున్నారు. అతను వెళ్లిపోకుండా గేటు బయట నిలబడ్డాడు. అయితే రిపోర్టు మీద సంతకం చెయ్యడానికి సర్టిఫికెట్ ఉన్న మనిషి కావాలి. సాఫ్ట్‌వేర్‌కు చూపు ఎక్కువే గానీ సంతకం రాదు. నన్ను పిలిచారు.

టేబుల్ నిండా పగిలిన జాయింట్ల బొమ్మలు, ఇన్‌స్పెక్టరు కోసం మొదటిసారి కాగితాల మీద అచ్చువేసినవి. ఇన్నాళ్లకు బొమ్మ నా కంటపడింది. ఫిల్ముల కాలంలో అలవాటైన పద్ధతిలో వాటిని పక్కపక్కన పేర్చాను. పేర్చగానే ఒళ్లు మండిపోయింది. వేరు వేరు గొట్టాలు, వేరు వేరు రోజులు. పగులు మాత్రం అన్నిటిలో ఒకేచోట, తిన్నగా పోయి, చివర రెండుగా చీలి లోపలికి వంగి ఉంది.

"ఇది పీతకాలు," అన్నాను.

"పెన్ను కావాలా?" అన్నారు మేనేజరు.

"ఎక్స్‌రే గదిలోకి రండి. డాక్టరు గారూ, మీరు కూడా. మీ టిఫిన్ డబ్బా కూడా పట్టుకురండి."

"ఎందుకు? అందులో ఇడ్లీలున్నాయి."

"ఉండనివ్వండి."

పొద్దున్న జరిగేదంతా జరిగినట్టే చేయించాను. ముందు పగులు ప్లేటు, డాక్టరు గారి మోతాదులో, పదే పదే. తర్వాత విశ్రాంతి లేకుండా, ప్లేటు తీసేసి అక్కడ ఆయన స్టీలు డబ్బా పెట్టించాను. మేమంతా బయటికొచ్చి తలుపు వేశాక ఆపరేటర్ బటన్ నొక్కాడు. తెర మీద డబ్బా వచ్చింది, లోపల ఇడ్లీల మసక నీడలతో సహా. డబ్బాకు అడ్డంగా పీతకాలు.

"ఓలమ్మా! బావా, డబ్బా పగిలిపోనాదే!" అని మా ఇచ్ఛాపురం బావ తొడ చరిచాడు.

"రిజెక్ట్ కొట్టండి సార్. ఆ ఇడ్లీలు ఏ వెల్డర్ వేశాడో నంబరు కనుక్కోండి," అన్నాను మేనేజరుతో.

మధ్యాహ్నపు సూర్యుణ్ని చూసి కళ్లు మూసుకుంటే కాసేపు ఆ మచ్చ కనపడుతూనే ఉంటుంది కదా. డిటెక్టరూ అంతే. పగులు ప్లేటు మచ్చ దాని ఒంట్లో మిగిలిపోయి, తర్వాత తీసిన బొమ్మ మీద పడుతోంది. గది వేడెక్కేకొద్దీ అది మరీ మొండికేస్తుంది. తర్వాత్తర్వాత తీసిన బొమ్మల్లో మాసిపోతుంది. అంటే పగులు ఎప్పుడూ బోణీ జాయింటు మీదే పడుతుంది. చెయ్యి మంచిదని ఎవరిని ముందు నిలబెట్టారో వాడి మీదే. మరి అతని జాయింటు లేని రోజుల సంగతేమిటంటారా? బోణీ జాయింటు లేకపోతే మా బావకు కాళ్లూ చేతులూ ఆడవు. అగరొత్తి వెలిగించి, హైవే మీదికి పోయి టీ తాగి, మనసు కుదుటపడ్డాక గానీ పని మొదలుపెట్టడు. ఆలోగా డిటెక్టర్‌కు దాని విశ్రాంతి దొరికేది. మేనేజరు గారి గోడ మీది గ్రాఫు కొలిచింది ఇచ్ఛాపురం వాడి టీ విరామాన్ని.

డాక్టరు గారు డబ్బా చేతిలోకి తీసుకుని, తిప్పి తిప్పి చూసి, "ఇంట్రెస్టింగ్," అన్నారు.

నా జన్మలో ఏ తిట్టూ నన్నంత బాధించలేదు. ఒక మనిషి గేటు బయట ఎండలో నిలబడి ఉన్నాడు. వాడి అన్న ప్రాణం వాడి ఉద్యోగానికి కట్టేసి ఉంది. ఈయనకు ఇంట్రెస్టింగ్‌గా ఉంది! మోడల్‌లో దీన్ని కూడా కలిపితే మంచి పేపరు అవుతుందని అక్కడే అన్నారు. అయింది కూడా, తర్వాత విన్నాను. అందులో వెల్డర్ లేడట. ఇడ్లీల డబ్బా కూడా లేదట, పాపం.

మేనేజరు గారు గోడ మీది గ్రాఫు చింపి జేబులో పెట్టుకున్నారు. "సరే, రేపట్నుంచి రమ్మనండి వాణ్ని," అన్నారు నాతో. క్షమాపణ అనే ముక్క ఆయన చదివిన మేనేజ్‌మెంట్‌లో లేదు కాబోలు.

గేటు దగ్గరికి నేనే వెళ్లి లోపలికి తీసుకొచ్చాను. తెర మీద బొమ్మ ఇంకా అలాగే ఉంది. వెల్డర్ దగ్గరగా వచ్చి చూశాడు. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఇది నాదే కదా మావా," అన్నాడు. "ఆ రోజు వొద్దన్నాను. తెలిసి సెడ్డ పని సెయ్యనన్నాను. ఇనలేదు." డాక్టరు గారు ఏదో సర్దుబాటు మాట మొదలుపెట్టబోతే అతను అప్పటికే బయటికి నడిచాడు.

అన్న దగ్గరికి వెళ్లాడనుకున్నాను. వెళ్లాడేమో కూడా. మర్నాడు మాత్రం నేను యార్డుకు వచ్చేసరికి మా అందరికంటే ముందే వచ్చి ఉన్నాడు. పగులు ప్లేటు అతని బల్లకు బిగించి ఉంది. ఎవర్నీ అడగలేదు. గ్రైండర్‌తో పీతకాలును మొదలంటా తవ్వి తీసేసి, ప్లేటు వేడిచేసి, పొడి రాడ్లతో పొర మీద పొర వేసి నింపుతున్నాడు. నేను పక్కన నిలబడి చూశాను. పూర్తయ్యాక బ్రష్షుతో తుడిచి, పంచ్ తీసి సుత్తితో తన నంబరు కొట్టాడు.

అప్పుడే డాక్టరు గారు ఏసీ గదిలోంచి పరుగెత్తుకొచ్చారు. "ఏం చేశావయ్యా! అది నా రిఫరెన్స్ ప్లేట్! ఆ పగులు మళ్లీ ఎక్కణ్ణుంచి తేవాలి?"

"మీకు కావాలంటే మీరే ఎట్టుకోండి," అన్నాడు వెల్డర్. ప్లేటు గుడ్డలో పట్టుకుని తెచ్చి మా ఆపరేటర్ చేతిలో పెట్టాడు. "ఇందా బావా. ఇది తియ్యి బోణీ."

డిటెక్టర్ రాత్రంతా విశ్రాంతి తీసుకునే ఉంది. ఆపరేటర్ తలుపు వేసి బటన్ నొక్కాడు. తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే రంగులో ఉక్కు తప్ప మరేమీ లేదు. ఏమీ లేని బొమ్మను చూసి మా వాళ్లు చప్పట్లు కొట్టడం నా సర్వీసులో అదొక్కసారే.